మార్క్సిస్టు ఆర్థిక సిద్ధాంతంపై విమర్శలు: శ్రీకాకుళం మన్యం

మార్క్స్ లెక్కలో లాభానికి పుట్టిల్లు పనివాడి శ్రమ. కూలి గిట్టిన తర్వాత కూడా అతను చేసే పనే అదనపు విలువ అవుతుంది. ఈ సూత్రంపై విమర్శలు ఐరోపాలోనే మొదలయ్యాయి. ‘పెట్టుబడి’ మొదటి సంపుటం (1867) సరుకులు విలువ ప్రకారం మారకమవుతాయంటే, మూడో సంపుటం (1894) ధరలు సగటు లాభం చుట్టూ తిరుగుతాయంది. ఈ రెంటికీ పొంతన లేదని 1896లో ఆర్థికవేత్త బోమ్ బావెర్క్ ఎత్తిచూపాడు. ధరలు తేల్చడానికి శ్రమ విలువ దాకా పోనక్కర్లేదని 1971లో మరో ఆర్థికవేత్త శామ్యూల్‌సన్ వాదించాడు. తార్కికంగా ఈ విమర్శలు బలమైనవే.

అయితే శ్రీకాకుళం మన్యంలోని పార్వతీపురం, సీతంపేట కొండల్లో ప్రశ్న వేరు. 1960లలో సవర, జాతాపు కుటుంబాలు ఎక్కువగా సొంత పోడే చేసుకునేవి. చింతపండు కావిడి కట్టుకుని సంతకు దిగిన మనిషికి బేరమాడే వీలుండేది కాదు. ఉప్పుకో, బట్టకో, తిండిగింజలకో షావుకారు ముందే అప్పిచ్చి ఉండేవాడు. ధర అతనిదే, కొలత అతనిదే, పద్దు పుస్తకమూ అతనిదే. అప్పు తీరకపోతే పొలం పోయేది, లేదా కొడుకు పాలికాపుగా వెళ్లేవాడు. ఇక్కడ దోపిడీ కూలి దగ్గర మొదలు కాలేదు, అప్పు దగ్గర మొదలైంది.

వడ్డీ పెట్టుబడి గురించి మార్క్స్ మూడో సంపుటంలో రాశాడు కాబట్టి ఆయనకు తెలియదనడం అన్యాయం. కాకపోతే దాన్ని పెట్టుబడిదారీకి ముందటి రూపంగా చూశాడు. నా దృష్టిలో మన్యానికి దగ్గరగా వచ్చిన విమర్శ ఆర్థికవేత్త జాన్ రోమర్‌ది. ఆస్తులు అసమానంగా ఉంటే చాలు, కూలి సంబంధం లేకుండా అప్పు ద్వారా కూడా దోపిడీ జరుగుతుందని ఆయన 1982లో చూపించాడు. ఇది మార్క్స్‌ను కొట్టివేయదు, పునాదిని శ్రమ నుంచి ఆస్తికి జరుపుతుంది.

మన దేశంలో ఇదే చర్చ ‘అర్ధ భూస్వామ్యం’ పేరుతో నడిచింది. వడ్డీ రాబడి తగ్గుతుందనే భయంతో, అప్పు కూడా ఇచ్చే భూస్వామి సాగు మెరుగుదలను అడ్డుకుంటాడని ఆర్థికవేత్త అమిత్ భాదురి 1973లో సూత్రీకరించాడు. దిగుబడి పెరిగితే అప్పు తగ్గి తీరాలనేం లేదని టి.ఎన్. శ్రీనివాసన్ 1979లో జవాబిచ్చాడు.

శ్రీకాకుళంలో అంతకు ముందే ఆ ప్రశ్న కాగితం దాటింది. మొండెంఖల్ గిరిజన మహాసభకు వెళుతున్న గిరిజనులు కోరన్న, మంగన్నలను 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత గిరిజనుల సాయుధ పోరాటం పెరిగింది. గిరిజన సంఘాన్ని నడిపిన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసుల చేతిలో చనిపోయారు. దేశమంతటికీ ఒకే అర్ధ భూస్వామ్య ముద్ర వేసి, మన్యం పోరాటాన్ని అన్నిచోట్లా నడపవచ్చని ఉద్యమ నాయకత్వం నమ్మడం సిద్ధాంతపరంగా పెద్ద తప్పు. అప్పును, భూమిని ముడిపెట్టి చూడడం మాత్రం తప్పు కాదు.

ఆ ముడిని ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. 1970 నాటి ఒకటో నిబంధన (రెగ్యులేషన్) ఏజెన్సీలో గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించింది. వాళ్ల చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందేనని భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అది ఇప్పటికీ అమల్లో ఉంది.