చక్రవర్తి దోసకాయ నుంచి పాల డబ్బా దాకా

కిందటేడు ఫిబ్రవరిలో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో న్యూజెర్సీ మిత్రుడు ఒక ఫొటో పెట్టాడు. మంచులో వరసగా ఖాళీ ప్లాస్టిక్ పాల డబ్బాలు. వాటిని నడుము దగ్గర కోసి, అడుగున చిల్లులు పెట్టి, మట్టి పోసి, క్యాబేజీ, పాలకూర విత్తనాలు చల్లి, మళ్లీ టేపు చుట్టాడు. వసంతంలో మొలకలు వచ్చాయి. ఒక్క ఎండ పూటతో అన్నీ వాడిపోయాయి. "ఇంజనీరువి కదా, ఎందుకు చచ్చాయో చెప్పరా" అన్నాడు. జవాబు వెతుకుతూ రెండు వేల ఏళ్లు వెనక్కి వెళ్లాను.

రోమ్ చక్రవర్తి టిబెరియస్‌కు రోజూ దోసకాయ ఉండాల్సిందేనట. అందుకని తోటమాలులు చక్రాల మీద మడులు కట్టి ఎండలోకి నెట్టేవారనీ, చలి రోజుల్లో వెలుతురు చొరబడే రాతి పలకల చట్రాల కిందికి చేర్చేవారనీ ప్లినీ రాశాడు. అది రాజుగారి వైభోగం.

19వ శతాబ్దంలో పారిస్ కూరగాయల రైతులు దాన్ని జీవనోపాధిగా మార్చుకున్నారు. అడుగున గుర్రపు లద్దె పరిస్తే అది మాగుతూ వేడినిచ్చేది. పైన గంట ఆకారపు గాజు బుడ్డి. దాని పేరు 'క్లోష్', అంటే గంటే. రాత్రి గడ్డి చాపలు కప్పేవారు. ఎండెక్కితే గాట్లు పెట్టిన చెక్కముక్కతో బుడ్డి అంచును కొంచెం కొంచెంగా పైకెత్తేవారు. తర్వాత రైళ్లు దక్షిణాది కూరగాయలను తెచ్చాయి. మోటార్లు వచ్చి గుర్రాలు తగ్గాయి, లద్దె కరువైంది. పెరిగిన నగరం తోటలను మింగేసింది.

1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమర్ట్ అనే ఆచార్యుడు, గాజు ఖరీదు భరించలేక, ప్లాస్టిక్ పొరతో గ్రీన్‌హౌస్ కట్టాడు. మావాడి పాల డబ్బా ఆ వంశంలోదే.

గాజైనా ప్లాస్టిక్కైనా ఎండను లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. డబ్బా చిన్నది కాబట్టి ఎండలో ఇట్టే కాగిపోతుంది. మావాడు మూత కూడా తియ్యలేదు. పారిస్ రైతు చెక్కముక్కకు గాట్లు పెట్టుకున్నది ఇందుకే. ఈ ఏడు మావాడు మూతలు తీసేశాడు, ఎండ ముదిరిన రోజున పై సగం వెనక్కి వాల్చాడు. పాలకూర పప్పు ఫొటో వచ్చింది.

మన ఎండలకు నారుకు కావలసింది నీడ వల, డబ్బా కాదు. కానీ రెండు సీసాలు, రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదానికి మూత పెట్టి, ఒకటి తెరిచి ఎండలో ఉంచితే మన బడి పిల్లలకు మంచి పాఠం. థర్మామీటర్లు నేను పంపుతాను. సైన్సు మాస్టార్లు సరేనంటే చాలు.