పులుల నెయ్యి, పరాయి ముఖం: ఒక మద్రాసు బొమ్మల పుస్తకం – పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

బొమ్మల పుస్తకాన్ని కొనేది ఒకరు, చదివి వినిపించేది మరొకరు, అసలు పాఠకులు ఇంకొకరు. పెద్దవారి కన్ను అక్షరం మీద ఉన్నంతసేపూ పిల్లల కన్ను బొమ్మ మీద ఉంటుంది. అందువల్ల ఒకే పుస్తకంలో రెండు కథలు సమాంతరంగా నడుస్తాయి. సాధారణంగా ఆ రెండూ ఒకటేనని విమర్శకులు భావిస్తారు. అవి పరస్పరం పొసగని సందర్భంలో ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి 1899లో లండన్‌లో అచ్చయిన ‘ది స్టోరీ ఆఫ్ లిటిల్ బ్లాక్ సాంబో’ మంచి ఉదాహరణ. వర్ణవివక్షకు చిహ్నంగా ప్రపంచమంతటా చర్చకు వచ్చిన ఈ పుస్తకం మద్రాసు రాజధానిలో పుట్టిందన్న విషయం తెలుగు బాలసాహిత్య చర్చల్లో అంతగా ప్రస్తావనకు రాలేదు.

ఒక ప్రయాణం, ఐదు పౌండ్లు

రచయిత్రి హెలెన్ బానర్‌మన్ (1862–1946) ఎడిన్‌బరోలో జన్మించిన స్కాటిష్ మహిళ. 1889లో ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు విలియం బానర్‌మన్‌ను వివాహం చేసుకొని, సుమారు మూడు దశాబ్దాలు భారతదేశంలో గడిపారు. తన ఇద్దరు చిన్న కుమార్తెలను వినోదపరచడానికి 1898లో కొడైకెనాల్, మద్రాసుల మధ్య సాగిన దీర్ఘ ప్రయాణంలో ఈ కథను అల్లి, బొమ్మలు కూడా ఆమే వేశారు. లండన్ ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్‌కు హక్కులు ఐదు పౌండ్లకు అమ్ముడుపోయాయి. హక్కులు చేజారినందువల్ల పుస్తకం ఎవరి చేతికి చిక్కితే వారు తమకు నచ్చిన బొమ్మలు వేసుకొనే వీలు కలిగింది. తరువాతి చరిత్రలో సగం ఈ ఐదు పౌండ్ల ఫలితమే.

తొలి ముద్రణకు ప్రచురణకర్తలు జోడించిన ముందుమాట నేడు చదివితే పెదవిపై చిరునవ్వు మొలవక మానదు. రచయిత్రిని ‘ఇంగ్లీషు మహిళ’గా పరిచయం చేస్తూ, ఆమె నివసించే ఇండియాలో నల్లపిల్లలకు కొదవ లేదని, పులులు అక్కడ నిత్యవ్యవహారమని అందులో సెలవిచ్చారు. స్కాట్లాండు స్త్రీ ఇంగ్లీషు మహిళ కావడం ఒక పొరపాటు. మద్రాసు వీధుల్లో పులులు నిత్యం ఎదురుపడటం రెండవది. పుస్తకం తెరవకముందే భూగోళం తారుమారైంది.

పులుల పంచాయితీ

కథ సరళం. తల్లి ఎర్రకోటు, నీలం లాగు కుట్టింది. తండ్రి బజారుకు వెళ్ళి ఆకుపచ్చ గొడుగు, ఊదారంగు బూట్లు కొని తెచ్చాడు. వాటిని ధరించి అడవికి షికారు వెళ్ళిన పిల్లవానికి ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు పులులు ఎదురవుతాయి. ప్రతి పులికీ ఒక వస్తువు లంచమిచ్చి ప్రాణం దక్కించుకుంటాడు. నాలుగు కాళ్ళున్న తనకు రెండు బూట్లేమిటని మూడవ పులి అభ్యంతరం చెబితే, చెవులకు తొడుక్కొమ్మని సలహా ఇస్తాడు. గొడుగు పట్టుకోవడానికి చేతులు లేని నాలుగవ పులికి దాన్ని తోకకు ముడివేసుకొనే ఉపాయం చెబుతాడు. అడవిలో తమలో ఎవరు ఘనులన్న తగవు వచ్చి, పులులు ఒకదాని తోక ఒకటి నోట కరచుకొని చెట్టుచుట్టూ తిరిగి తిరిగి, చివరకు కరిగి వెన్నగా మారిపోతాయి. తండ్రి దాన్ని పెద్ద ఇత్తడి పాత్రకు ఎత్తి ఇంటికి తెస్తే, తల్లి దానితో అట్లు వేస్తుంది. తల్లి 27, తండ్రి 55, పిల్లవాడు 169 తింటారు. మొత్తం 251. వైద్యుని ఇంట పుట్టిన కథలో అజీర్తి ప్రస్తావనే లేకపోవడం విశేషం.

పులులు కరిగి వెన్న అయ్యాయని చెప్పిన చోటనే, దాన్ని ఇండియాలో ‘ఘీ’ అంటారని రచయిత్రి వివరణ ఇస్తుంది. వెన్నకూ నేతికీ మధ్య ఒక పొయ్యి ఉంటుందని ఎరిగిన తెలుగు గృహిణి ఈ సమీకరణాన్ని అంగీకరించదు. అయితే మజ్జిగ చిలికే దృశ్యం చూసిన కంటికి ఈ కల్పన అంత వింతగా తోచదు. చెట్టు కవ్వమైతే, చుట్టూ తిరిగే పులులు మీగడ అవుతాయి. రచయిత్రి వంటింట ఈ దృశ్యం చూసిందనడానికి ఆధారం చూపలేము గాని, వెన్న తీసే గిరగిర తిరుగుడే కథకు కీలకమన్నది పాఠంలోనే స్పష్టం.

గమనించవలసిన మరో అంశం నీతి లేకపోవడం. పిల్లవాడు తల్లిదండ్రుల మాట వినలేదని పులి ఎదురుకాలేదు. బుద్ధిమంతుడని బయటపడనూ లేదు. పులి ఎదురైంది, తెలివి పనిచేసింది, ఆకలి తీరింది. చెడ్డపిల్లలను దండించే కథలు ఇంగ్లండులో విరివిగా అచ్చవుతున్న కాలంలో, మద్రాసులో తెలుగు పిల్లల చేతికి ‘పెద్దబాలశిక్ష’ తప్ప వేరొకటి అంతగా చిక్కని కాలంలో, ఇది చిన్న విషయం కాదు. ఈ కథలోని నవ్వంతా పులుల మీదనే. బలవంతుని డాబుసరిని బలహీనుడు చెట్టుచాటునుండి చూసి నవ్వుకొనే కథ ఇది. వలసపాలనలోని ఒక అధికారి భార్య తెలియకుండానే ఎంత ప్రమాదకరమైన కథ చెప్పిందోనన్న ఊహకు ఇక్కడ తావుంది.

చెవి ఒక ఊరిది, చేయి మరొక ఊరిది

పేజీ తిప్పి బొమ్మ చూస్తే నవ్వు దిశ మారిపోతుంది. అక్కడ నవ్వు పులుల మీద కాదు, పిల్లవాని మీద. గుండ్రటి తెల్లకళ్ళు, చెవులదాకా సాగిన ఎర్రని పెదవులు మద్రాసులో కనిపించే ముఖాలు కావు. తెల్లవారు ముఖానికి మసి పూసుకొని నల్లవారిని వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నుండి, 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ సృష్టించిన ‘గాలివాగ్’ బొమ్మ వరకు ఆంగ్ల పాఠకలోకానికి అలవాటైన అచ్చులోనిదే ఆ ముఖం. పేర్లదీ అదే తీరు. ‘సాంబో’ ఆంగ్లంలో నల్లవారిని తేలికచేసే పిలుపు. 1852 నాటి ‘అంకుల్ టామ్స్ కాబిన్’లోనూ ఆ పేరున్న పాత్ర ఉంది. తల్లిదండ్రుల పేర్లయిన ‘మంబో’, ‘జంబో’ కలిస్తే అర్థంపర్థం లేని మాట అవుతుంది. ‘సాంబ’ అన్న ధ్వని వినగానే తెలుగువారికి సాంబశివుడు స్ఫురించడం సహజమే గాని, ఆ వ్యుత్పత్తి మీద ఆశ పెట్టుకోరాదు.

రచయిత్రి తరువాతి పుస్తకాలు ఈ వైరుధ్యాన్ని మరింత స్పష్టం చేస్తాయి. 1901 నాటి ‘లిటిల్ బ్లాక్ మింగో’లో నీళ్ళు తెచ్చే పాత్ర ‘చాటీ’, నదిలోని మొసలి ‘మగ్గర్’. 1903 నాటి మరొక పుస్తకం పేరే ‘లిటిల్ డెగ్చీ హెడ్’. చాటీ మన చట్టి. డెగ్చీ మన డేగిసా. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి బర్నెల్ సహరచయితగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువుకెక్కిన ఆంగ్లో-ఇండియన్ ఇంటిభాష ఇదే. అంటే బానర్‌మన్ చెవి మద్రాసు వంటింటిది, బజారుది. బొమ్మ గీసిన చేయి మాత్రం లండన్ అచ్చుబొమ్మలది. ఎదురుగా తిరుగుతున్న పిల్లల మాటను విన్నది గాని, వారి ముఖాన్ని చూడలేదు. ఈ పుస్తకంలోని అసలు లోపం ఇక్కడున్నది.

దిద్దుబాట్ల కథ

1900లో అమెరికా చేరిన తరువాత వేర్వేరు ప్రచురణకర్తలు కొత్త చిత్రకారులతో దీన్ని అచ్చువేశారు. వాటిలో ఘీ, బజారు మాటలు మిగిలినా పిల్లవాడు దక్షిణాది తోటల బానిస కుటుంబాల వారసునిగా మారిపోయాడు. 1935లో వచ్చిన కార్టూన్ చిత్రం ఆ వెక్కిరింతను తెరకెక్కించింది. ఇటువంటి పుస్తకం తెల్లపిల్లలకు వినోదం కావచ్చునేమో గాని, ఇప్పటికే ఎన్నో గాయాలెరిగిన నల్లపిల్లకు మరొక పరుషవాక్యమేనని కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ 1932లోనే ఎత్తిచూపారు. ఆ విమర్శకు సమాధానంగా కథలోని చమత్కారాన్ని చూపడం కుదరదు. తరగతిగదిలో తోటివారు ఆ పేరుతో పిలిచి నవ్వినప్పుడు, పుస్తకం పుట్టింది మద్రాసులోనన్న సమాచారం ఆ పిల్లవానికి ఏ విధంగానూ అక్కరకు రాదు.

జపాన్‌లో 1953 నుండి ప్రచారంలో ఉన్న అనువాదాన్ని 1988లో ఉపసంహరించారు. 2005లో వేరొక సంస్థ పునర్ముద్రించగా మళ్ళీ బాగా అమ్ముడైంది. కాలిఫోర్నియాలో 1957లో స్థాపితమైన ‘సాంబోస్’ అనే అట్ల దుకాణాల శ్రేణి, యజమానుల పేర్లలోని తొలి అక్షరాలే తమ పేరని చెబుతూనే, గోడలకు పులులను, పిల్లవాణ్ణి ఎక్కించి వ్యాపారం చేసుకొంది.

1996లో రెండు సంస్కరణలు వచ్చాయి. జూలియస్ లెస్టర్, జెర్రీ పింక్నీల ‘శామ్ అండ్ ద టైగర్స్’ కథను నల్లజాతి అమెరికన్ కథనసంప్రదాయంలో నిస్సంకోచంగా తిరగరాసింది. ఊరందరికీ శామ్ అన్న పేరే పెట్టడం ద్వారా పేరులోని అవమానాన్ని పేరుతోనే విరిచింది. రెండింటిలో మేలైనది ఇదే. ఫ్రెడ్ మార్సెల్లినో ‘ది స్టోరీ ఆఫ్ లిటిల్ బాబాజీ’ కథను ఇండియాకు తిరిగి తెచ్చింది. బొమ్మలు అందమైనవి, ఉద్దేశం మంచిది. కాని పిల్లవాని పేరు బాబాజీ, తల్లి మామాజీ, తండ్రి పాపాజీ. హిందీలో మామాజీ అంటే మేనమామ; బాబాజీ అనగానే గడ్డం పెంచిన సాధువు గుర్తుకొస్తాడు. అవమానం తొలగింది, కాని సన్యాసికి మేనమామ అట్లు వేసిపెట్టే కుటుంబం ఒకటి ఏర్పడింది. పైగా మద్రాసు పిల్లవాడు వింధ్యకు ఉత్తరాన దిగాడు. మొదట ముఖం చూడలేదు, ఈసారి మాట వినలేదు.

తెలుగు వైపు నుండి

ఈ కథ అచ్చయిన అర్ధశతాబ్దానికి, 1947 జూలైలో, అదే మద్రాసు నగరం నుండి ‘చందమామ’ తెలుగు, తమిళ భాషల్లో వెలువడింది. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ గీతల్లో పంచె, పరికిణీ, మండువా ఇల్లు, ఎద్దుబండి పిల్లల కంటికి దక్కాయి. తరువాత బాపు గీసిన బుడుగులో నీతికి లొంగని పిల్లవాడూ దొరికాడు. అయితే ఆ పుటల్లోనే రాజకుమారి మేనిఛాయ ఏది, రాక్షసుని మేనిఛాయ ఏది అన్న ప్రశ్న వేసి సంచికలను వరుసగా పరిశీలించే పని మిగిలే ఉంది. బానర్‌మన్ గీతకు వేసిన కొలబద్దనే అక్కడా వేయాలి. అభిమానం అందుకు అడ్డు కారాదు.

ఇక ఈ కథను తెలుగు చేయదలచిన అనువాదకునికి ఎదురయ్యే చిక్కులు వేరు. గుడ్లు, పాలు, పంచదార కలిపిన పిండితో వేసినది అట్టా, దోసెయా? ఇత్తడి పాత్రను బిందె అనాలా, గుండిగ అనాలా? పులులు కరిగి వెన్నయినట్టా, నెయ్యయినట్టా? తల్లిదండ్రులకు అమ్మ, నాన్న చాలు. పిల్లవానికి మాత్రం ఒక పేరు కావాలి. ఆ పేరు పెట్టిన తరువాత, బొమ్మ గీసేవారు పెన్సిలు పట్టకముందు ఆ పేరున్న పిల్లవాణ్ణి ఒకసారి చూసి రావాలి.