కిమ్ జోంగ్-పిల్
కిమ్ జోంగ్-పిల్ (1926–2018) దక్షిణ కొరియా సైనికాధికారి, రాజకీయ నాయకుడు. బుయోలో పుట్టాడు, సైనిక అకాడమీలో చదివాడు. 1961 మే 16 సైనిక తిరుగుబాటు సూత్రధారుల్లో ముఖ్యుడు. దాని నాయకుడు పార్క్ చుంగ్-హీ కిమ్ భార్యకు స్వయానా చిన్నాన్న. అదే ఏడాది కిమ్ కేంద్ర గూఢచార సంస్థను స్థాపించి, తొలి అధిపతి అయ్యాడు. 1962లో జపాన్ విదేశాంగ మంత్రి ఒహిరాతో జపాన్ వలసపాలన పరిహారంపై తేల్చుకున్న లెక్క (30 కోట్ల డాలర్ల గ్రాంటు, 20 కోట్ల ప్రభుత్వ రుణం) ఒక చిన్న మెమోలో ఇమిడిపోయింది. వలసపాలన గాయాలకు ఇంత చవక బేరమా అని 1964లో విద్యార్థులు వీధికెక్కారు.

1963లో యూనిఫాం విడిచి జాతీయ సభలో అడుగుపెట్టిన కిమ్, మొత్తం తొమ్మిదిసార్లు గెలిచాడు. రెండుసార్లు ప్రధాని (1971–75, 1998–2000). మధ్యలో, 1980లో, మరో సైనిక ముఠా ఆయన్నే నిర్బంధించింది. అధ్యక్ష పదవి అందనేలేదు. 2004లో పదో గెలుపు దక్కక రాజకీయాల నుంచి తప్పుకున్నాడు.