పేలని బాంబు: కక్ష్య నుంచి దిగే టంగ్‌స్టన్ కడ్డీ

పేలుడు మందు లేకుండా, బరువూ వేగమూ తోడుగా లక్ష్యాన్ని ఛేదించేది గతిజ ఆయుధం. వడిసెల రాయి ఈ జాతిలో చాలా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి సైనికుల మీదికి ఉక్కు ములుకులు కుమ్మరించారు. కొరియా, వియత్నాం యుద్ధాల్లో అమెరికా వాడిన ‘లేజీ డాగ్’ వాటికి వారసురాలు. చిటికెన వేలంత కూడా ఉండని, తోకరెక్కలున్న ఆ ఉక్కు ముక్క విమానం ఎత్తు నుంచి పడేసరికి తుపాకీ గుండులా దూసుకుపోయేది.

ఆ ముక్కను అంతరిక్షం నుంచి వదిలితే? 1950లలో బోయింగ్ సంస్థలో పనిచేస్తున్నప్పుడు జెర్రీ పోర్నెల్ ఈ ఊహకు రూపమిచ్చాడు. ఆయనే తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు పొందాడు. నార్స్ పురాణాల్లో సుత్తి పట్టిన ఉరుముల దేవుడు థోర్ పేరు ఈ పథకానికి స్థిరపడింది. ‘దేవుడి కడ్డీలు’ అన్నది వాడుక పేరు. 2003లో అమెరికా వైమానిక దళం తన భవిష్యత్ ప్రణాళిక పత్రంలో అతివేగ కడ్డీల కట్టలను ప్రస్తావించడంతో ఊహకు అధికారిక గుర్తింపు దక్కింది.

తరచు చెప్పే నమూనాలో కడ్డీ పొడవు 6.1 మీటర్లు, వ్యాసం 0.3 మీటర్లు. టంగ్‌స్టన్‌నే ఎంచుకోవడానికి రెండు కారణాలు: అది నీటికంటే 19 రెట్లు బరువు, 3,400 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. ఆ లెక్కన ఒక్కో కడ్డీ 8 టన్నులకు పైగా తూగుతుంది. ధ్వనికి పదిరెట్ల వేగంతో నేలను తాకితే వెలువడే శక్తి దాదాపు 11.5 టన్నుల టీఎన్‌టీకి సమానం. అణుబాంబుతో పోలుస్తూ రాసే రాతల్లో అతిశయోక్తి ఎంతో ఈ అంకెతో తేలిపోతుంది. హిరోషిమా బాంబు శక్తి సుమారు 15,000 టన్నులు.

అసలు చిక్కు ‘వదలడం’లోనే ఉంది. ఉపగ్రహం నుంచి విడిపించిన కడ్డీ కింద పడదు. సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో ఉపగ్రహం పక్కనే భూమిని చుడుతూ ఉంటుంది. దాన్ని దించాలంటే రాకెట్‌తో వేగం తగ్గించాలి. కొంచెమే తగ్గిస్తే ఏటవాలుగా దిగుతూ వాతావరణంలో వందల కిలోమీటర్లు రాసుకుపోతుంది, వేగం కోల్పోతుంది. ఆ రాపిడికి చుట్టూ ఏర్పడే ప్లాస్మా రేడియో సంకేతాలను అడ్డుకుంటుంది గనుక దారి సరిదిద్దడమూ కష్టమే. పోనీ, 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న వేగమంతా చంపేసి నిట్టనిలువుగా పడనిస్తే? గాలి అడ్డు లేదనుకున్నా నేలను తాకే వేగం సెకనుకు 2.7 కిలోమీటర్లే. కక్ష్య వేగమంతా అలా చంపడానికి రసాయన ఇంధనం కడ్డీ బరువుకు ఎన్నో రెట్లు కావాలి. ఆకాశం నుంచి ఉచితంగా వచ్చే శక్తి ఏదీ లేదు. కడ్డీని పైకి మోసుకెళ్లిన రాకెట్ ఖర్చు పెట్టిన శక్తిలో ఒక వాటానే అది తిరిగి ఇస్తుంది.

భూగర్భ స్థావరాలను ఛేదించే శక్తికీ హద్దుంది. అంతటి వేగాల్లో లోహమూ రాయీ రెండూ ద్రవాల్లా ప్రవర్తిస్తాయి. కడ్డీ చొచ్చుకుపోయే లోతు ప్రధానంగా దాని పొడవు మీద, రెండు పదార్థాల సాంద్రతల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఆరు మీటర్ల టంగ్‌స్టన్‌కు గట్టి రాతిలో ఆ అంచనా పదహారు మీటర్ల దరిదాపు. వేగం ఇంకా పెంచినా పెద్దగా కలిసిరాదు.

ఇక కాపలా. తక్కువ ఎత్తు ఉపగ్రహం దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుడుతుంది. ఈలోగా భూమి తన చుట్టూ తాను 22 డిగ్రీలు తిరిగిపోతుంది. కోరిన క్షణాన కోరిన చోట ఒక కడ్డీ సిద్ధంగా ఉండాలంటే ఉపగ్రహాలు గుంపులుగా తిరుగుతుండాలి.

చట్టం ఈ కడ్డీలను తాకదు. 1967 బాహ్య అంతరిక్ష ఒప్పందం నాలుగో అధికరణం కక్ష్యలో అణ్వాయుధాలను, సామూహిక వినాశన ఆయుధాలను ఉంచడాన్నే నిషేధిస్తుంది. ఉత్త లోహపు కడ్డీ ఆ రెంటిలోకీ రాదు. ఆ ఖాళీని పూడ్చే అంతర్జాతీయ ఒప్పందం ఇంతవరకు కుదరలేదు.