పీఠభూమిలో మానసిక వైద్యం: బళ్ళారి ప్రయోగం, దాని పూర్వాపరాలు

అనంతపురం పీఠభూమిని గురించి వ్రాసేవారు సాధారణంగా వర్షపాతంతో మొదలుపెడతారు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకం లేని వాన. ఈ అంకె వ్యవసాయ చరిత్రకే గాక మానసిక వైద్య చరిత్రకు కూడా అవసరమైనదే. వేరుసెనగ ఎండిన ఏట అప్పు పెరుగుతుంది. అప్పు వెంట బెంగుళూరుకు వలస మొదలవుతుంది. ఇంట మిగిలిన ముసలివారికి, ఆడవారికి నిద్ర కరవవుతుంది. అయితే ఈ ప్రాంతపు మనోవ్యాధులన్నింటికీ కరవే కారణమనడం పొరపాటు. మతి చలించిన మనిషి వానలు బాగా కురిసిన ఊళ్ళోనూ ఉంటాడు. కరవు చేసిందల్లా అతనిని వైద్యుని వద్దకు చేర్చే దారిని మరింత దూరం చేయడం.

ఆ దూరం ఎంతటిదో గ్రహించాలంటే పటం చూడవలసి ఉంటుంది. ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఒకటి విశాఖపట్టణంలో, మరొకటి హైదరాబాదులోని ఎర్రగడ్డలో ఉండేవి. హిందూపురం వారికి ఆ రెండిటికంటె బెంగుళూరే దగ్గర, సుమారు 100 కిలోమీటర్లు. కాబట్టి ఈ సీమకు సంబంధించినంత వరకు మానసిక వైద్యం కన్నడ దేశం నుండి వచ్చింది. ఇందులో వింత లేదు. 1882 వరకు అనంతపురం బళ్ళారి జిల్లాలో అంతర్భాగం. 1800లో నిజాం కుంఫిణీకి అప్పగించిన దత్తమండలాల్లో రెండూ ఉన్నవి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి. గీత గీసినంత మాత్రాన నేల మారలేదు. బళ్ళారి బజారులో తెలుగు నేటికీ వినబడుతుంది. అందుచేత బళ్ళారిలో జరిగిన ప్రయోగాన్ని ఈ పీఠభూమి చరిత్రగానే చదువుకోవచ్చు.

వైద్యునికంటె ముందు దర్గా ఉన్నది. పెనుకొండలోని బాబా ఫక్రుద్దీన్ వారి దర్గా ఈ ప్రాంతంలో అతి ప్రసిద్ధం. తిరుచిరాపల్లి నత్హర్ వలీ వారికి ఆయన శిష్యులని సంప్రదాయం. బాబయ్య, ఫక్రుద్దీన్ అనే పేర్లు ముస్లిముల ఇళ్ళలో ఎంత సహజమో, బాబయ్య అనే పేరు హిందువుల ఇళ్ళలోనూ అంత సహజం. ఈ సీమలో గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో అనుమానం కలిగితే కుటుంబం మొదట చూసేది దర్గా వైపు, లేదా గుడి వైపు. తాయెత్తు, ఊదు పొగ, ఫాతిహా, కొన్ని రాత్రుల నిద్ర. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. కాని అక్కడ రోగికి మూడు సంగతులు దొరికేవి: బంధువుల తోడు, చెప్పుకొనే చోటు, నయమవుతుందన్న ఆశ. ఆనాటి పిచ్చాసుపత్రిలో ఈ మూడూ లేవు.

పదాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అరబీలో మజ్నూన్ అన్న మాట ‘జ-న-న’ అనే ధాతువు నుండి పుట్టింది. కప్పివేయడం దాని మూలార్థం. జిన్ను అన్నదీ అందులోదే. కనుక బుద్ధి కప్పబడినవాడు అనీ, జిన్ను సోకినవాడు అనీ రెండు విధాలా చదవవచ్చు. వైద్యులు మొదటి అర్థాన్ని, మంత్రగాళ్ళు రెండవదాన్ని పట్టుకున్నారు. బీమారిస్తాన్ అనే పారసీక పదం మొదట రోగులందరి ఆలయం. కాలక్రమాన అరబ్బు దేశాల్లో అది మారిస్తాన్ గా కురచబడి, చివరకు పిచ్చాసుపత్రికే పేరైపోయింది. ఒక మాట ఇట్లా దిగజారడంలో ఒక సంస్థ పతన చరిత్ర అంతా ఉన్నది.

బగ్దాదులో 982లో వెలసిన అజుదీ వైద్యాలయం, డమాస్కసులో 1154లో నూరుద్దీన్ కట్టించినది, కైరోలో 1284లో ఖలావూన్ స్థాపించినది వక్ఫు ఆదాయంతో నడిచాయి. మతి చలించినవారికి వీటిలో చోటు ఉండేది. దీనిని చెప్పి గర్వపడే వ్యాసాలకు కొదువ లేదు. అయితే 1184లో డమాస్కసు చూసిన ఇబ్ను జుబైర్, అక్కడి పిచ్చివారికి ఒక విధమైన చికిత్స జరుగుతున్నదని వ్రాస్తూనే, వారు గొలుసులతో కట్టబడి ఉన్నారని కూడా వ్రాశాడు. మొదటి సగం ఉదాహరించి రెండవ సగం వదలిపెట్టడం చరిత్రకారునికి తగని పని.

గొలుసుకు జవాబు కట్టడాలలో కంటె గ్రంథాలలోనే ముందుగా కనబడుతుంది. అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) తన ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’లో శరీరానికి ఒక భాగం, మనసుకు ఒక భాగం కేటాయించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని విడదీశాడు. మొదటిదానికి మాటతో, ఆలోచనతో చికిత్స. రెండవదానికి మూలం శరీరంలో ఉండవచ్చు గనుక దేహవైద్యం కూడా కావాలి. శతాబ్దాలపాటు ఇస్తాంబులులో వ్రాతప్రతిగా పడివున్న ఈ గ్రంథం 1984లో ఫ్రాంక్‌ఫర్టులో ప్రతిబింబ ముద్రణ పొందింది. బళ్ళారి ప్రయోగం కూడా దాదాపు ఆ సంవత్సరాలదే. ఒకదానితో ఒకటికి సంబంధమేమీ లేదు, కాలం కలిసిందంతే.

బెంగుళూరులో పిచ్చివారి ఆశ్రమం 19వ శతాబ్ది మధ్యలో ఏర్పడింది. 1925లో దానికి మానసిక వైద్యశాల అని పేరు మార్చారు. 1954లో డాక్టర్ ఎం. వి. గోవిందస్వామి ప్రథమ సంచాలకులుగా అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ అక్కడే ఆరంభమైంది. ఆసుపత్రి, సంస్థ 1974 డిసెంబరు 27న కలిసిపోయి నిమ్హాన్స్ అయినవి. ఇన్ని పేర్లు మారినా 1912 నాటి ఉన్మాద చట్టం మాత్రం 1993 వరకు అమలులో ఉండింది. దాని ప్రకారం రోగిని చేర్చుకోవడానికి సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తరువు కావాలి. వీధిలో తిరిగేవానిని పోలీసు పట్టుకొస్తాడు. చేరే దారి జైలు దారి వంటిదైనప్పుడు తిరిగివచ్చే దారి సన్నగిలడం సహజం. అనేక కుటుంబాలు రోగిని దింపి వెళ్ళి మరి రాలేదు.

ఈ ఆనవాయితీని తిప్పినవారిలో అమృతసర్ కు చెందిన డాక్టర్ విద్యాసాగర్ పేరు ముందు చెప్పాలి. 1950లలో ఆయన ఆసుపత్రిలో పడకలు చాలవు, సిబ్బంది చాలరు. ఆయన ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు బంధువులను కూడా ఉంచుకున్నారు. తమవాడు కళ్ళెదుట కుదుటపడుతుంటే చూసినవారు అతనిని ఇంటికి తీసుకుపోవడానికి వెనుకాడలేదు. లేమి నుండి పుట్టిన ఉపాయమే సిద్ధాంతమైంది. ఒక విధంగా దర్గాలో దొరికే తోడు ఆసుపత్రికి వచ్చిందన్నమాట.

చండీగఢ్ లో డాక్టర్ ఎన్. ఎన్. విగ్ దీనిని మరో అడుగు ముందుకు వేయించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970లలో ఏడు దేశాల్లో ఒక అధ్యయనం చేపట్టింది. వాటిలో ఈజిప్టు, సూడాను, సెనెగల్ కూడా ఉన్నవి. భారతదేశం వంతు హర్యానాలోని రాయ్‌పూర్ రాణీకి వచ్చింది. సూడానులో తిజానీ అల్ మాహీ అంతకుముందే మతవైద్యులను శత్రువులుగా చూడక, వారితో కూర్చుని మాట్లాడే పద్ధతి నెలకొల్పి ఉన్నారు. రాయ్‌పూర్ రాణీలో విగ్ గారితో పనిచేసిన డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి తర్వాత బెంగుళూరు నిమ్హాన్స్ చేరారు. ఆయన వృత్తిజీవితంలో ఇది గమనార్హమైన విషయం: మానసిక వైద్యుడు గోడల మధ్య గాక పల్లె ఆరోగ్య కేంద్రపు బల్ల మీద కూర్చుని నేర్చుకున్న విద్య అది.

నిమ్హాన్స్ వారు 1970ల నడుమ బెంగుళూరు దాపున సకలవారలో గ్రామీణ కేంద్రం తెరిచారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆమోదం పొందింది. ఆ తర్వాత, 1980ల నడుమ, ఒక జిల్లా మొత్తాన్ని తీసుకుని చేసి చూడాలనుకున్నారు. బళ్ళారిని ఎంచుకున్నారు. పెద్ద జిల్లా, రాజధానికి దూరం, మెట్ట నేల. అక్కడ సాధ్యమైతే ఎక్కడైనా సాధ్యమే.

పద్ధతి ఇది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు కొద్ది వారాల శిక్షణ. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు అంతకంటె తక్కువ. జిల్లా ఆసుపత్రిలో ఒక మనోవైద్యుడు, అతనికి సాయంగా చిన్న బృందం. మందులు నాలుగైదే: ఉన్మాదానికి క్లోర్‌ప్రోమజిన్, కుంగుబాటుకు అమిట్రిప్టిలిన్, మూర్ఛకు ఫినోబార్బిటోన్, నెలకొకసారి వేయదగిన సూదిమందు. మూర్ఛను చేర్చడం తెలివైన పని. ఊరంతా దయ్యమని నమ్మిన పిల్లకు చవక మాత్రతో మూర్ఛలు ఆగిపోతే, ఆ తర్వాత వైద్యుని మాటకు విలువ వస్తుంది.

అయినా మందుకంటె కష్టమైనది వినడం. పల్లెలో ఎవరూ “నా మనసుకు జబ్బు చేసింది” అని రారు. గుండె దడ అంటారు, తల బరువంటారు, ఒళ్ళంతా మంటలంటారు, నిద్దర పట్టడం లేదంటారు. ఆ మాట విని రక్తహీనతకు మాత్రలిచ్చి పంపిన వైద్యుడు తప్పు చేసినట్లు తనకే తెలియదు. ఎప్పటినుండి, ఇంట్లో ఏం జరిగింది, తిండి ఎట్లా ఉంది, బ్రతకాలని ఉందా లేదా అని అడగవలసి ఉంటుంది. రోజుకు వందమంది రోగులున్న చోట ఇది చిన్న భారం కాదు. బళ్ళారి నమూనా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా మొదట నాలుగు జిల్లాలకు, పిమ్మట దేశమంతటికీ విస్తరించినప్పుడు ముందుగా జారిపోయింది ఈ ప్రశ్నలే. మాత్రల పంపిణీ మిగిలింది. విమర్శకులు ఈ మాట అంటూనే ఉన్నారు, అందులో నిజం లేకపోలేదు. అనంతపురం జిల్లాలో 1990ల చివరి నుండి రైతుల ఆత్మహత్యలు వరుసకట్టినప్పుడు, పురుగుమందు త్రాగినవానికి కడుపు కడగడం ఆసుపత్రులకు తెలిసినంతగా, బ్రతికినవానితో మరునాడు ఏం మాట్లాడాలో తెలియలేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకుంది. రోగులు గొలుసులతో కట్టబడి ఉండడం వల్ల కదలలేకపోయారు. మృతులు 28 మంది. అదే సంవత్సరం అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వార్షిక నివేదికను పూర్తిగా మానసిక ఆరోగ్యానికే కేటాయించింది. దాని ప్రధాన సంపాదకులు డాక్టర్ శ్రీనివాసమూర్తే. ఏర్వాడి నిందను దర్గా మీద మోపినవారున్నారు. కాని గొలుసు వేసినది ఆశ్రయాలు నడిపినవారు. అద్దె చెల్లించినవారు కుటుంబాలు. దగ్గరలో వైద్యుని ఉంచనిది ప్రభుత్వం. దర్గా పేరు మీద ఆ వ్యాపారం సాగుతుంటే చూస్తూ ఊరుకున్న ముజావర్లను కూడా ఈ లెక్క నుండి తప్పించలేము. మతి స్థిరం లేనివాని ఆస్తిని కాపాడి, అతనికి తిండి బట్ట ఇచ్చి, మంచి మాట చెప్పమన్న ఆదేశం నిసా సూరాలో ఉన్నదని వారికి తెలియనిది కాదు.

సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానుగా విచారణ చేపట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ విభాగంలో, ఏ విధంగానూ రోగిని గొలుసులతో బంధించరాదని శాసించింది. గుజరాతులోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద వేరొక దారి తొక్కారు. దవా, దువా రెండూ అన్న పేరుతో దర్గా ప్రాంగణం దాపుననే మనోవైద్యుల క్లినిక్ నెలకొల్పారు. ముజావర్లకు వ్యాధి లక్షణాలు నేర్పారు. జియారత్ కు వచ్చిన కుటుంబాన్ని, దువా అయిన తర్వాత, ముజావరే ఆ క్లినిక్కుకు పంపుతాడు.