పిల్లల కొరకు క్రైస్తవ రేడియో ప్రసారములు – ఒక పరిచయము

సంఘ చరిత్ర వ్రాయునప్పుడు మనము దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను, మిషనరీ దొరలను, బోధకులను జ్ఞాపకము చేసికొందుము. అది తగినదే. కాని కంటికి కనబడక గాలిలో వచ్చి, ఇంటిలోని చిన్న పెట్టె ద్వారా పిల్లలతో మాటలాడిన పరిచర్య ఒకటి గలదు. దానికి పునాదిరాయి లేదు, ప్రతిష్ఠ దినము లేదు. అందుచేత దాని చరిత్ర సులువుగా మరపునకు వచ్చును. ఆ చరిత్రను కొలదిగా సంఘ సభ్యుల ఎదుట ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సముద్రము దాటి వచ్చిన స్వరము

మన దేశములో రేడియో చాలకాలము ప్రభుత్వము చేతిలోనే ఉండెను. నిజాం కాలమున హైదరాబాదులో నడచిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. సంఘము తనకొక స్టేషను పెట్టుకొనుటకు వీలు లేకపోయెను. గాలి తరంగములు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చినవి గాని, వాటి నియమములు మత సంస్థలను అనర్హులుగానే ఉంచినవి.

కావున క్రైస్తవ ప్రసారములు పరదేశముల నుండి రావలసి వచ్చెను. దానికి మార్గము షార్ట్‌వేవ్. ఈ తరంగములు పైకి పోయి, ఆకాశములోని విద్యుత్ పొరకు తగిలి, వేల మైళ్ళ దూరమున క్రిందికి దిగును. అందుకే స్వరము ఒకప్పుడు దగ్గరగాను, ఒకప్పుడు బావిలో నుండి వచ్చినట్లును వినబడును.

ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1948 జూన్ 4న మనీలా నుండి మొదటి ప్రసారము చేసినది. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1963లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో రేడియో వాయిస్ ఆఫ్ ది గాస్పెల్ స్థాపించినది. అందులో ఆసియా భాషలతోపాటు తెలుగునకును చోటు దొరికినది. 1977 మార్చిలో అక్కడి విప్లవ ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనగా ఆ స్వరము ఆగిపోయెను. కతోలిక సంఘము వారి రేడియో వెరితాస్ 1969లో ఫిలిప్పైన్సులో ఆరంభమైనది. దాని తెలుగు కార్యక్రమములతో సికింద్రాబాదులోని అమృతవాణికి సంబంధము గలదు. ఫెబా సంస్థ 1970లో సీషెల్స్ దీవుల నుండి ప్రసారము మొదలుపెట్టినది. ట్రాన్స్ వరల్డ్ రేడియో శ్రీలంకలోని పుత్తలం నుండి మీడియం వేవ్‌పై పంపిన కార్యక్రమములు చీకటి పడిన తరువాత మన దేశములో వినబడెను.

పిల్లలతో ఎట్లు మాటలాడవలెను?

స్టేషను కట్టుట ఒక యెత్తు. పిల్లవానిని రేడియో దగ్గర కూర్చుండబెట్టుట మరియొక యెత్తు. ఈ విషయములో ఇంగ్లండులో జరిగిన సంగతి తెలిసికొనదగినది. బి.బి.సి. వారి 'చిల్డ్రన్స్ అవర్' కొరకు డొరొతి సేయర్స్ అను రచయిత్రి యేసు ప్రభువు జీవితమును 12 నాటకములుగా వ్రాసినది. అవి 1941 డిసెంబరు నుండి 1942 అక్టోబరు వరకు ప్రసారమైనవి. శిష్యులు వీధిలోని మనుష్యులవలె వాడుక భాష మాటలాడుటయు, ప్రభువు మాటలను ఒక నటుడు పలుకుటయు భక్తిహీనత యని కొందరు గొప్ప అలజడి చేసిరి. పార్లమెంటులో సహితము ప్రశ్న వచ్చినది. అయినను ప్రసారము ఆగలేదు. అదే 1942లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున 'చిల్డ్రన్స్ బైబిల్ అవర్' మొదలై, కథలు పాటలతో బహుకాలము నడచినది.

తెలుగువారికి ఈ పాఠము ఆకాశవాణిలోనే దొరికినది. న్యాయపతి రాఘవరావు గారును, వారి భార్య కామేశ్వరి గారును మద్రాసులోను, పిమ్మట హైదరాబాదులోను పిల్లల కార్యక్రమములు నడిపి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పేరుపొందిరి. అది మత కార్యక్రమము కాదు. కాని పిల్లల కొరకు మాటలాడుట కాదు, పిల్లల చేతనే మాటలాడించవలెనని వారు చూపించిరి. 'బాలానందము' విన్న ప్రతి యింటికిని ఈ సంగతి తెలిసినదే.

పిల్లల కార్యక్రమమునకు సాధారణముగా పావుగంట చాలును. ఒక పాట, ఒక కథ, కంఠస్థము చేయుటకు ఒక వాక్యము, శ్రోతల ఉత్తరములు – ఇదే దాని కట్టడి. దూరదేశములోని స్టేషనుకు ఉత్తరమే సాక్ష్యము. అది రానియెడల ఎవరైనను వినుచున్నారో లేదో తెలియదు. తన పేరును తన ఊరి పేరును రేడియోలో విన్న పిల్లవాడు మరుసటి వారము తప్పక పెట్టె దగ్గరకు వచ్చును.

మన ప్రాంతపు మాట

ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు ఇందులో విశేషమైన సంగతి ఒకటి గలదు. బీడీలు చుట్టు తల్లికిని, మగ్గము దగ్గరి తండ్రికిని పుస్తకము పట్టుకొను తీరిక లేదు. కాని చెవులు ఖాళీగానే ఉండును. తండ్రి గల్ఫు దేశమునకు పోయిన యిండ్లలో పిల్లలకు కథ చెప్పువారే తక్కువ. ఇట్టి యింటికి స్వరము గొప్ప వరము.

అయితే ఆ స్వరము ఏ భాషలో ఉండవలెను? మన పిల్లవాడు తండ్రిని 'బాపు' అనును, తల్లిని 'అవ్వ' అనును. తప్పిపోయిన కుమారుడు ఇంటికి తిరిగివచ్చి 'బాపూ' అని పిలిచిన యెడల ఆ కథ వానిదే యగును. గోదావరి రేవులో వల వేయువానిని చూచిన ధర్మపురి పిల్లవానికి పేతురు ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. దూరపు స్టూడియో ఎంత మంచిదైనను ఈ మాట దానికి దొరకదు. అది మన నోట మాత్రమే ఉన్నది.

నేటి బాధ్యత

సీషెల్స్ స్టేషను 2003లో మూతపడినది. రేడియో వెరితాస్ 2018లో షార్ట్‌వేవ్‌ను విడిచి ఇంటర్నెట్టునకు మారినది. నేడు పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉన్నది. దానిలో కథలకు కొదువ లేదు, మన యాసలో చెప్పువారికే కొదువ. ఒకప్పుడు స్టేషను కొరకు దీవులు వెదకవలసి వచ్చెను. ఇప్పుడు ఒక సండేస్కూలు టీచరు, నలుగురు పిల్లలు, కథ తెలిసిన ఒక అవ్వ, ఒక ఫోను ఉన్న చాలును. ఈ శతవత్సర సంవత్సరమున ప్రతి పాస్టరేటు పిల్లల చేతనే పది కథలు చెప్పించి రికార్డు చేయించవలెనని నా మనవి. గల్ఫులోని తండ్రి సహితము రాత్రి పని ముగించి తన బిడ్డ స్వరము వినగలడు.