ఏకపొర మాలిబ్డినం డైసల్ఫైడులో ఎక్సైటాన్లు

అర్ధవాహకం కాంతిని శోషించుకున్నప్పుడు వాహక పట్టీకి ఎగసిన ఎలక్ట్రాను, అది ఖాళీ చేసిన చోట మిగిలిన ధనావేశ రంధ్రం పరస్పర ఆకర్షణతో జంటకట్టి, హైడ్రోజన్ పరమాణువును తలపించే బద్ధస్థితిగా ఏర్పడతాయి. యాకోవ్ ఫ్రెంకెల్ 1931లో ప్రతిపాదించిన ఈ జంటకే ఎక్సైటాన్ అని పేరు. గాలియం ఆర్సెనైడు స్ఫటికంలో దీన్ని విడదీయడానికి కావలసిన బంధన శక్తి సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే కాగా, గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి 25 వరకు ఉంటుంది కనుక, అక్కడ ఆ జంట నిలవదు.

మాలిబ్డినం డైసల్ఫైడు పొరలను కలిపి ఉంచేవి బలహీనమైన వాండర్ వాల్స్ బలాలే కావడంతో ఒక్క పొరను వేరుచేయడం సాధ్యమవుతుంది. రెండు గంధక తలాల నడుమ ఒక మాలిబ్డినం తలం ఉండే ఆ పొర మందం 0.65 నానోమీటర్లు. ఇంత పలుచని పదార్థంలో ఎలక్ట్రానుకూ రంధ్రానికీ మధ్య విద్యుత్ బలరేఖలు చాలావరకు బయటి శూన్యంలోనో గాలిలోనో సాగుతాయి. ఆకర్షణను బలహీనపరచే పదార్థం చుట్టూ లేనందున బంధన శక్తి కొన్ని వందల మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుతుంది. దూరాన్ని బట్టి ఆకర్షణ మారే తీరును రైటోవా 1967లోను, కెల్డిష్ 1979లోను సూత్రీకరించారు. ఇదే కుటుంబానికి చెందిన టంగ్‌స్టన్ డైసల్ఫైడు ఏకపొరలో 2014లో కొలిచిన బంధన శక్తి 0.32 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని ఉత్తేజిత స్థాయిల వరుస హైడ్రోజన్ వరుసను అనుసరించకపోవడం ఆ సూత్రానికి బలమైన సాక్ష్యం.

మందమైన స్ఫటికంలో శక్తి అంతరం పరోక్షం, అంటే ఎలక్ట్రాను, రంధ్రం వేర్వేరు ద్రవ్యవేగాల వద్ద ఉంటాయి కాబట్టి వాటి కలయికలో కాంతి వెలువడడం అరుదు. ఏకపొరలో ఆ అంతరం ప్రత్యక్షమై ప్రదీప్తి అనేక రెట్లు పెరుగుతుందని 2010లో రెండు బృందాలు వెల్లడించాయి. శోషణ వర్ణపటంలో సుమారు 1.9, 2.05 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కనిపించే ఎ, బి శిఖరాలు రెండూ ఎక్సైటాన్లవే. స్పిన్-కక్ష్య అన్యోన్యచర్య వేలెన్సీ పట్టీని చీల్చడమే వాటి మధ్య ఎడానికి ముఖ్య కారణం. ఏకపొరలో విలోమ సౌష్ఠవం లేనందున, కుడివైపు తిరిగే వృత్తీయ ధ్రువణ కాంతి ఒక ద్రవ్యవేగ లోయలోను (అంటే శక్తి అంతరం కనిష్ఠంగా ఉండే ద్రవ్యవేగ ప్రాంతంలోను), ఎడమవైపు తిరిగేది రెండో లోయలోను ఎక్సైటాన్లను సృష్టిస్తుంది. ఈ ఎంపికను 2012లో ప్రయోగపూర్వకంగా చూపారు.

బలరేఖలు బయటికి వ్యాపించడానికి మరో పర్యవసానం ఉంది: ఏకపొర గుణాలు దాని పరిసరాలపైన ఆధారపడతాయి. పైన మరో పదార్థాన్ని పరిస్తే బంధన శక్తి, శక్తి అంతరం రెండూ దాదాపు కలిసి తగ్గుతాయి గనుక ఎ శిఖరం స్థానం కొద్దిగానే కదులుతుంది. షట్కోణ బోరాన్ నైట్రైడు పొరల మధ్య ఇమిడ్చితే, అతి శీతల స్థితిలో శిఖరాలు కొద్ది మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పుకు సన్నబడతాయి.